పన్నెండో ముక్క

(ప్రయోగశాలలో క్లీన్ రూమ్ బయట, బట్టలు మార్చుకునే చిన్న గది. మధ్యలో పొడవాటి బల్ల. పొద్దున తొమ్మిదిన్నర.)

"ముందు ఆ టోపీ సరిగ్గా పెట్టుకో. చెవి పక్కన జుట్టు బయటికొచ్చింది."

"టోపీ సంగతి తర్వాత బాబాయ్. మీతో ఒక మాట..."

"తర్వాతేంటి తర్వాత? నెల రోజులు నేను లేకపోయేసరికి ఎవరి ఇష్టం వాళ్లదైపోయింది ఇక్కడ. ఆ బూట్లెవరివి? బల్లకి అటువైపు బయటి బూట్లు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఇటు మట్టి, అటు శుభ్రం. మధ్యలో ఈ బల్ల. ఇంతేగా రూలు!"

"తీసేస్తాను. ముందు మీరు ఒక్క నిమిషం కూర్చోండి."

"కూర్చునే ఉన్నాగా."

"అంటే... నా వైపు చూడండి."

"నిన్ను చూడ్డానికేముంది తుమ్ములమ్మా? మాస్కు వేసుకుంటే అందరూ ఒకటే. రెండు కళ్లు, ఒక గొడవ."

"నెలయింది నన్నలా పిలిచి. మీరు తప్ప ఎవరూ పిలవరుగా."

"పిలవక? చేరిన మూడో రోజే నువ్వు తుమ్మిన తుమ్ముకి నాలుగో ముక్క మీది పొర గాల్లో కలిసిపోయింది. మాస్కుండగానే! ఇరవై ఆరేళ్ల సర్వీసులో అలాంటి తుమ్ము నేను వినలేదు. ఎవరో సిలిండర్ తెరిచారనుకున్నా."

"ఆ రోజు మీరు నన్నొక్క మాట కూడా అనలేదు."

"అనడానికేముంది? వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటుంది ఆ పొర. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్లుంటుంది? ఇంటికెళ్లి చెబితే మీ పిన్ని పడీ పడీ నవ్వింది. ఆ పేరు పెట్టింది తనే. నేను కాదు."

"పిన్ని పెట్టిందా?"

"ఊఁ."

"నాకెప్పుడూ చెప్పలేదు మీరు."

"చెప్పకేం... అదిగో, తాళం చెవి తీసుకో."

"ఏ తాళం చెవి?"

"నా అల్మరాది. ఆఫీసులో అడిగితే నీ దగ్గర సంతకం పెట్టించుకోమన్నారు."

"మీ అల్మరా తాళం చెవి నాకెందుకు బాబాయ్?"

"ఇచ్చేద్దామని వచ్చా. ఇరవై ఆరేళ్లు చాలులే."

"అయ్యో! మానేస్తారా? పెద్ద సారుకి చెప్పారా?"

"కాగితం రాసి ఆయన బల్ల మీద పెట్టొచ్చా. చూసుకుంటాడు."

"మరి పన్నెండో ముక్క?"

"దానికేం?"

"దానికేమంటారేంటి? మీకోసమే ఆపారు. మధ్యాహ్నం చాంబర్లో పెట్టాలి. చల్లబరిచే యంత్రం సిద్ధం, లేజరు సిద్ధం. మూడేళ్లుగా ఎదురుచూస్తున్నది ఇదొక్కటేగా. ఆ సిలికాన్ పలకలో పన్నెండు ముక్కలుంటే పదకొండు పోయాయి. మిగిలింది ఇదే. మీ చేత్తో పెట్టింది మీ చేత్తోనే తియ్యాలన్నారు సారు. నెల్లాళ్లూ ఎవర్నీ దాని దగ్గరికి పోనివ్వలేదు."

"ఎవరూ తీసి చూడలేదా?"

"లేదు. మీరు ఆరబెట్టే యంత్రంలో పెట్టి వెళ్లారుగా. ఆరాక హోల్డరుతో సహా తీసి, మూత కూడా కదపకుండా నైట్రోజన్ పెట్టెలో పెట్టేశా. నా ఊపిరి తగులుతుందేమోనని మొహం పక్కకి తిప్పుకుని మరీ పెట్టా."

"మూత తియ్యలేదు."

"తియ్యలేదంటున్నాగా."

"మైక్రోస్కోపు కింద కూడా..."

"బాబాయ్! మీ మీద ఒట్టు. ఎవరూ చూడలేదు. రండి, బూట్లు తొడుక్కోండి. లోపలికి వెళ్దాం."

"కాసేపాగు. ఈ లేసు ముడి పడింది."

"ఇందాకట్నుంచీ ఆ లేసే విప్పుతున్నారు."

"వయసు మీద పడుతోంది కదమ్మా, వేళ్లు మాట వినట్లేదు."

"మీ వేళ్లా? పోనీలెండి. కూర్చుంటే మంచిదే. నేను చెప్పాల్సింది లోపలికి వెళ్లకముందే చెప్పాలి. నెల్నుంచీ గుండెల్లో పెట్టుకుని తిరుగుతున్నా. నాకు నిద్ర పట్టట్లేదు బాబాయ్."

"నిద్రకేముంది, పొద్దున్నే నాలుగు అడుగులు నడిస్తే..."

"ఆ రోజు ఫోన్ గురించి."

"వద్దులే."

"వినండి."

"వద్దంటున్నానా! అయిపోయిందేదో అయిపోయింది. ఫోనొచ్చింది, నువ్వు చెప్పావు, నేను పరిగెత్తా. అందలేదు. ఎవరి రాత వాళ్లది. మా వదినకీ అదే చెప్పా, ఫోనొచ్చిన క్షణాన బయల్దేరానని."

"క్షణాన కాదు. మీరు బయటికొచ్చింది పదకొండూ నలభై రెండుకి. ఫోనొచ్చింది ఇప్పుడే అన్నాను మీతో. అబద్ధం బాబాయ్. ఫోను పదకొండూ ఇరవైకే వచ్చింది. మీ వదినగారు. ఏడుస్తున్నారు. ఊపిరి అందట్లేదు, ఉన్నపళాన పంపించమ్మా అన్నారు. నేను ఇదిగో, ఈ గోడ ఫోను దగ్గరే ఉన్నా. తలుపు దగ్గరికెళ్లా. ఎర్ర కార్డు వేలాడుతోంది. మీ కార్డే. చిప్పు గిన్నెలోంచి గిన్నెలోకి మారేటప్పుడు ఇల్లు కాలిపోతున్నా ఎవడూ నోరెత్తకూడదని మీరు పెట్టిన రూలే. యాసిడ్ లోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి ఆల్కహాల్లోకి. మధ్యలో ఒక్క చుక్క ఆరినా ఆ తడే పొరని లాగి చింపేస్తుందని మీరే చెప్పారు. గాజులోంచి చూశా. మీ వీపు కనబడుతోంది. తల వంచుకుని నిలబడ్డారు. అసలు కదల్లేదు. తలుపు పిడి మీద చెయ్యి వేశా బాబాయ్. రెండుసార్లు వేశా. రెండుసార్లూ తీసేశా. ఇంకో అయిదు నిమిషాల్లో అయిపోతుందిలే అనుకున్నా. తర్వాత ఇంకో అయిదు. అలా ఇరవై రెండు నిమిషాలు."

"సరే."

"సరేనా?"

"నేను నేర్పిందే చేశావు. నీ తప్పేం లేదు."

"అంత తొందరగా ఎలా అనేస్తారండీ? ఆస్పత్రి ఇక్కణ్ణుంచి పావుగంట. మీరు పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా చేరారు. పిన్ని పోయింది పదకొండూ యాభైకి. లెక్క నాకు నోటికొచ్చు. రోజూ రాత్రి వేసుకుంటున్నా. అప్పుడే పిలిచుంటే మీరు పదకొండూ ముప్పై అయిదుకల్లా పిన్ని పక్కన ఉండేవాళ్లు. పదిహేను నిమిషాలు ఉండేవాళ్లు. మీరు నేర్పినంత మాత్రాన నాకు బుద్ధుండక్కర్లేదా? ఒక్క తిట్టయినా తిట్టండి."

"ఎందుకు తిట్టడం? ఏడవకు. మాస్కు తడిసిందంటే మళ్లీ మార్చుకోవాలి."

"మార్చుకుంటాలెండి!"

"పెట్టెలో అయిపోయినట్టున్నాయి. కొత్తవి తెప్పించమను."

"బాబాయ్!"

"ఏమనమంటావు చెప్పు. కాళ్లకి తొడుక్కున్న ఆ నీలం సంచులతోనే పరిగెత్తా ఆ రోజు. నెత్తి మీద టోపీ అలాగే ఉంది. ఆస్పత్రి మెట్ల మీద రెండుసార్లు జారా. లోపలికెళ్లేసరికి మా వదిన ఏమీ అనకుండా కింద కూర్చుని నా కాళ్లకున్న సంచులు విప్పింది. అప్పుడు అర్థమైంది నాకు. మొహం చూడకుండానే అర్థమైంది."

"నేను మిమ్మల్ని..."

"నిన్నెవరూ ఏమీ అనలేదు, అనరు. అసలు ఆ రోజు నేనెందుకొచ్చా ఇక్కడికి? ఎవరు రమ్మన్నారు? పెద్ద సారు సెలవు పెట్టుకోమని బతిమాలాడు. ముక్క యాసిడ్‌లో వేశాక ఆగదు నిజమే. వెయ్యమన్నదెవరు? నేనే పొద్దున్నే వచ్చి వేశా. తొమ్మిది రోజులుగా ఆ ఇనప కుర్చీలో కూర్చుని, మీ పిన్ని ఆయాసపడుతుంటే చూడ్డం తప్ప ఏం చెయ్యలేకపోయా. మందు వాళ్లదే, సూది వాళ్లదే. నా చేత్తో అయ్యే పని ఒక్కటైనా ఉందిగదా, అదొక్కటీ చేసొద్దామనిపించింది. సోమవారం ఇంటికి పంపేస్తామన్నాడు డాక్టరు. సరే, శుక్రవారం ఒక్క పూట... మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా అన్నా తనతో."

"పిన్ని ఏమంది?"

"ఏమంటుంది? పోవయ్యా బాబూ, నువ్వు పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే నాకొచ్చే ఊపిరి కూడా రావట్లేదు అంది. ఆ డప్పేదో చేసుకుని రా, కనీసం నర్సుకైనా చెప్పుకుంటా అంది."

"డప్పా?"

"అలాగే అంటుంది. మొదట్లో నేనే చెప్పాలే. పల్చటి పొరని చట్రానికి బిగించి కడతాం, డప్పుకి తోలు కట్టినట్టు. దాన్ని వెలుతురు కొడుతుంది. అది కదులుతుంది. ఆ కదలికని అణిచి అణిచి, ఇంక అంతకన్నా చిన్న కదలిక ఈ సృష్టిలోనే లేదనేంత దాకా తీసుకెళ్లి, అప్పుడు దాన్ని కొలవాలి. ఇదీ పని అని చెబితే, అంతా విని, చూస్తే కనబడదు, వింటే వినబడదు, దానికోసం రోజంతా కాళ్లు పీక్కుపోయేలా నిలబడతావా, నీకన్నా నేను నయం, కనీసం నేను చేసే పని నాకు కనబడుతుంది అంది. తను బట్టలు కుట్టేది కదా."

"మీ గౌను చిరిగితే కూడా పిన్నే కుట్టిందిగా. మీరు ఇక్కడ స్టోరులో తిట్లు తిన్నారు."

"క్లీన్ రూమ్ గౌనుకి పూల దారం వేసింది మహాతల్లి. దారంలోంచి నూగు రాలుతుందే అంటే, నూగు రాలితే ఏరుకో అంది. ఇరవై ఎనిమిదేళ్లు... ఎప్పుడూ తనదే ఆఖరి మాట. ఆ రోజు మాత్రం ఒక్క మాట లేకుండా వెళ్లిపోయింది."

"ఉంది బాబాయ్."

"ఏంటి?"

"మాట ఉంది. ఇందాకట్నుంచీ అదే... అది చెప్పడానికే నాకు నోరు రావట్లేదు. పదకొండూ ఇరవైది రెండో ఫోను. అంతకుముందు ఇంకొకటొచ్చింది. పదకొండూ అయిదుకి. పిన్ని చేసింది."

"ఎవరు?"

"పిన్ని. తనే."

"తనెలా మాట్లాడుతుంది? తొమ్మిది రోజులూ మాట్లాడితే ఆయాసం. ఫోనెక్కడ చేస్తుంది?"

"నర్సు కలిపి ఇచ్చిందట. చిన్న గొంతుతో, ఆగి ఆగి మాట్లాడింది. కానీ పిన్నే."

"ఏమంది?"

"బాబాయ్, ముందు ఇలా..."

"ఏమందో చెప్పు! ఒక్క ముక్క వదలకుండా చెప్పు. ఎలా అందో అలా చెప్పు."

"నేనెత్తగానే, తుమ్ములమ్మేనా అంది. అవును పిన్నీ అన్నా. అప్పుడనుకున్నా, మీరు ఇంట్లో నా గురించి చెబుతారన్నమాట అని. మీ బాబాయ్ ఏం చేస్తున్నాడే అంది. తలుపుకి ఎర్ర కార్డు ఉంది పిన్నీ, పిలవమంటారా అన్నా. వద్దొద్దు అంది. కార్డుంటే మాట్లాడకూడదుగా అంది."

"తనకి కార్డు సంగతి తెలుసా?"

"అన్నీ తెలుసు. ఇప్పుడు పిలిస్తే అది పోతుంది, పోయిందంటే మూడు రోజులు అన్నం ముందు మొహం వేలాడేసుకుని కూర్చుంటాడు, ఎవరు పడతారు ఆ గోల అంది. నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గింది. నేను ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డా."

"తర్వాత?"

"ఎలా వస్తోంది అంది."

"ఏంటి?"

"డప్పు. మీ బాబాయ్ డప్పు ఎలా వస్తోందే అంది. నేను గాజులోంచి చూసి, బాగా వస్తోంది పిన్నీ అన్నా. చెయ్యి కూడా కదలట్లేదు, శిల్పంలా నిలబడ్డారు, ఇంత నిదానంగా నేనెప్పుడూ చూళ్లేదు అన్నా."

"అలా చెప్పావా?"

"చెప్పా. అయితే సరే అంది. అయిపోయాక రమ్మను, తొందరేం లేదను అంది. అంతే. పెట్టేసింది."

"ఇంకోసారి చెప్పు."

"ఏది?"

"ఆఖర్ది."

"అయితే సరే. అయిపోయాక రమ్మను. తొందరేం లేదను."

"తొందరేం లేదను... అందా."

"అంది బాబాయ్. నేను దాన్ని పట్టుకునే నిలబడ్డా. మీ వదినగారు ఏడుస్తుంటే కూడా, పిన్ని తొందరేం లేదందిగా అని నాకు నేనే చెప్పుకున్నా. అది మీతో చెబితే నా తప్పు పిన్ని మీదికి నెట్టినట్టుంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదు. చెప్పకపోతే, ఆమె మీకు చెప్పమన్న మాట నేను దాచుకున్నట్టయింది. ఎటూ దొంగనే. మీరు మానేస్తాననేసరికి ఇంక ఆగలేకపోయా."

"బాగా వస్తోందని నమ్మిందా తను?"

"నమ్మింది. సంతోషపడింది. గొంతులో తెలిసింది నాకు."

"సంతోషపడింది."

"అవును. అందుకే చెబుతున్నా, మానెయ్యకండి. కనీసం ఇవాళొక్క రోజు లోపలికి రండి. నేను ఈ నెల్లాళ్లు ఎలా బతికానో తెలుసా? రోజూ ఆ నైట్రోజన్ పెట్టె ముందు నిలబడి, పోనీలే, ఇదైనా బతికింది అనుకుని బతికా. మీ పదిహేను నిమిషాలు నేను లాగేసుకుంటే లాగేసుకున్నా, అవి వృథా కాలేదు, ఇందులో ఉన్నాయి అనుకున్నా. పిన్ని వద్దందంటే దీనికోసమే అంది. ఇది మోగితే, సారు చెప్పినంతసేపు ఆగకుండా మోగితే, నేను కాస్తయినా... లేవండి బాబాయ్. మీరు మూత తియ్యండి, నేను లైటు పట్టుకుంటా."

"తియ్యొద్దు."

"ఎందుకు?"

"తియ్యొద్దమ్మా. ఎవరూ తియ్యొద్దు. అలా ఉండనివ్వండి దాన్ని."

"మధ్యాహ్నం ఎలాగూ తీస్తారుగా! మీరు రాకపోతే సారు నన్నే తియ్యమంటారు. మీ చెయ్యి పడితేనే బాగుంటుంది, రండి. ఇదిగో, గ్లవ్సు మీ సైజువే తెచ్చా. ఏంటి బాబాయ్, అలా చూస్తారేంటి? ఏమైంది?"

"కూర్చో."

"భయమేస్తోంది మీరలా ఉంటే."

"కూర్చో ముందు. చెయ్యి ఇలా ఇవ్వు. నువ్వు తలుపు పిడి మీద రెండుసార్లు చెయ్యి వేశానన్నావు చూడు, అదొక్కటీ నీకు నేను చేసిన అన్యాయం. ఆ తప్పు నీది కాదని ఇందాక ఊరికే అన్లేదు."

"అర్థం కావట్లేదు."

"నేను ఆ రోజు ఎప్పుడు మొదలుపెట్టా?"

"పదిన్నరకి కార్డు తగిలించారు."

"పదకొండింటికి?"

"నిలబడ్డారు. మీ వీపు కనబడింది. కదలకుండా..."

"ఎందుకు కదల్లేదు నేను?"

"ఎందుకంటే... కదిలితే పొర పోతుంది కదా. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి..."

"ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడానికి ఎంతసేపు పడుతుంది తుమ్ములమ్మా? నువ్వూ చేశావుగా. నాలుగు నిమిషాలు. మహా అయితే అయిదు."

"బాబాయ్..."

"మొదటి గిన్నెలోంచి ఎత్తుతుండగానే చినిగిపోయింది. పదకొండు ఇంకా కాలేదు. నీళ్లలోకి చూస్తే ఖాళీ చట్రం. ఆఖరికి ఆ ఖాళీ చట్రానికే మూత పెట్టి, ఆరబెట్టే యంత్రంలో పెట్టి బయటికొచ్చా. ఆఖరి ముక్క అదేగా, మీ పిన్నిని ఆ మంచం మీద వదిలేసి వచ్చింది దానికోసమేగా. దేనికెళ్లావని తను అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పనా అని, ఆ ముప్పావుగంటా ఊరికే నిలబడ్డానమ్మా."